క్యాబేజీ ఆకు తిప్పి చూశారా?

సంక్రాంతి వెళ్ళీ వెళ్ళకముందే ఫోటోలు మొదలయ్యాయండి, రోజుకి పది పన్నెండు, అన్నిట్లోనూ చిల్లులు పడిన ఆకులే. కార్తీకంలో నాటిన నారు ఇప్పుడిప్పుడే గడ్డ కట్టే టైమ్ కాబట్టి అందరికీ ఒకేసారి కంగారు. అందుకని ఈ నెల టమాటా, గులాబీ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి క్యాబేజీ, గోబీ మీదే కూర్చున్నా. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: మేడం, డాబా మీద 14 గ్రో బ్యాగుల్లో క్యాబేజీ పెట్టాను. ఆకులన్నీ చిల్లులు పడిపోయాయి, కొన్నిచోట్ల చిల్లు కూడా కాదు, పల్చటి గాజు కాయితం అంటించినట్టు ఉంది. వేపనూనె మూడుసార్లు కొట్టాను, ఒక్క పురుగు చావలేదు. ఇంకేం కొట్టమంటారు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కొట్టడం సంగతి తర్వాత చూద్దామమ్మా, ఆ గాజు కాయితం అన్నారు చూశారా, ఆ ఒక్క మాటతో పురుగు పేరు మీరే చెప్పేశారు. దీన్ని డైమండ్ రెక్కల పురుగు అంటారు. పిల్లపురుగు ఆకు అడుగు నుంచి పచ్చటి కండ అంతా గీక్కుని తింటుంది, పైపొర మాత్రం వదిలేస్తుంది, అదే మీకు కిటికీ అద్దంలా కనిపించేది. రేపు పొద్దున్నే ఒక ఆకు తిప్పి చూడండి, అరంగుళం కూడా లేని లేతపచ్చ పురుగు, రెండు చివర్లూ సన్నగా ఉంటుంది. పుల్లతో ముట్టుకున్నారనుకోండి, గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి పాకి సన్నటి దారం పట్టుకుని ఆకు మీంచి కిందకి వేలాడుతుంది, కాసేపయ్యాక అదే దారం పట్టుకుని మళ్ళీ పైకెక్కేస్తుంది. ఇలా వేలాడిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు, అదే. దాని తల్లి బూడిదరంగు చిన్న రెక్కలపురుగు, రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు వీపు మీద మూడు వజ్రాల ఆకారాలు వరసగా కనిపిస్తాయి, పేరు అందుకే వచ్చింది.

ఇప్పుడు మీ వేపనూనె ఎందుకు పనిచేయలేదో చెప్తా. మీరు ఫోటోతో పాటు సీసా కూడా పంపారు, అది దీపారాధనకి అమ్మే నూనె, అందులో వేప ఎంత ఉందో దేవుడికే తెలియాలి. పైగా సబ్బు కలపలేదన్నారు, పొద్దున 11కి కొట్టానన్నారు. క్యాబేజీ ఆకు మీద మైనంపొర ఉంటుందండి, తామరాకు మీద నీళ్ళలాగే మీరు కొట్టిన మందు గుండ్రంగా ముత్యాల్లా అయ్యి జారి మట్టిలో పడిపోతుంది. ఇక ఎండలో కొడితే వేపలో ఉన్న అసలు సరుకు తొందరగా విరిగిపోతుంది. పైగా పైనుంచి కొట్టారు, పురుగేమో కింద కూర్చుంది. మూడుసార్లూ మీరు మట్టికే మందు కొట్టారన్నమాట.

ఇలా చేయండి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల మంచి వేపనూనె, ముందు ఆ నూనెలో ఒక అరచెంచా కుంకుడు రసమో లిక్విడ్ సబ్బో వేసి తెల్లగా పాలలాగా అయ్యేదాకా గిలక్కొట్టి అప్పుడు నీళ్ళు పోయండి. ఇంకా మంచిది వేపగింజల కషాయం, గింజల లోపలి పప్పు 50 గ్రాములు దంచి గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున పిండి వడకట్టి పెట్టుకుని, కాస్త సబ్బు వేసి ఆ సాయంత్రమే కొట్టేయాలి, దాచుకుంటే పవరు పోతుంది. స్ప్రేయర్ నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగుకి కొట్టండి. వేపతో పురుగు అక్కడికక్కడ చచ్చిపడదు, తిండి మానేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది, కాబట్టి తెల్లారేసరికి లెక్కపెట్టుకోవద్దు, నాలుగైదు రోజులు ఆగి కొత్త ఆకు ఎలా ఉందో చూడండి.

అప్పటికీ పోకపోతే బీటీ పొడి. బీటీ అనగానే పత్తి విత్తనం గుర్తొచ్చి కొంతమంది భయపడతారు, ఇది మొక్కలో మార్పు చేసేది కాదండి, మట్టిలో ఉండే ఒక బాక్టీరియానే పొడి చేసి అమ్ముతారు, కుర్‌స్టకీ రకం అని అడగండి. లీటరుకి 1 గ్రాము లెక్కన సాయంత్రం పూట కొట్టాలి, డబ్బా మీద వేరే మోతాదు రాసి ఉంటే అదే వాడండి. పురుగు దాన్ని తింటేనే పనిచేస్తుంది, తిన్న కొన్ని గంటల్లో నోరు మూతపడుతుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది, ముదిరితే అంతంత మాత్రమే. ఎండకి పాడైపోతుంది కాబట్టి వారానికోసారి మళ్ళీ కొట్టాలి.

అలాగని వారం వారం అదే కొట్టుకుంటూ కూర్చోవద్దు. ఈ పురుగు మామూలు ఘటం కాదు. పంట పురుగుల్లో డీడీటీకి లొంగకుండా పోయినట్టు మొదట రికార్డుకెక్కింది ఇదే, 1953లో, జావా దీవిలో. బీటీ స్ప్రేకి పొలంలో లొంగకుండా పోయింది కూడా ముందు ఇదే, 1990లో హవాయి నుంచి ఆ కబురు వచ్చింది. మన ఎండల్లో గుడ్డు నుంచి మళ్ళీ రెక్కలపురుగు అయ్యేదాకా రెండు మూడు వారాలే, అంటే మీ క్యాబేజీ గడ్డ కట్టి కోసేలోపు దానికి మనవలు మునిమనవలు పుట్టేస్తారు, ఏ మందు పదేపదే కొట్టినా ఆ మందుకి తట్టుకున్న వాటి సంతానమే మిగులుతుంది. అందుకే ఒకసారి వేప, ఒకసారి బీటీ, మధ్యమధ్యలో మీ చెయ్యి. 14 మొక్కలే కదమ్మా, పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పైకెళ్ళి ఆకులు తిప్పుతూ గుడ్లూ పురుగులూ నలిపేస్తే పది నిమిషాల పని. ఇంకోటి, వాన పడితే పిల్లపురుగులు కొట్టుకుపోతాయి, ఆ లెక్కన సాయంత్రం పైపుతో ఆకుల మీద జల్లులా కొట్టినా కొంత తగ్గుతాయి, రెక్కలపురుగులు తిరిగే వేళ కూడా అదే.

ఒక్కమాట, నలిపేముందు చూసుకోండి. ఆకు అడుగున చచ్చిపోయిన పురుగు పక్కనే బియ్యపుగింజ లాంటి చిన్న తెల్లటి గూడు కనిపిస్తే అది ముట్టుకోవద్దు. అది మన చుట్టం, ఈ పురుగులో గుడ్డు పెట్టి దాన్ని లోపల్నుంచి తినేసే చిన్న కందిరీగ గూడు. డైమండ్ పురుగు గూడు వేరే, సన్నటి వల అల్లినట్టుంటుంది, లోపల ఉన్నది బయటికి కనిపిస్తుంది. మొదటిసారి నేను రెండూ కలిపి గోకి పారేశాను, ఆ ఏడాది ఒక్క క్యాబేజీ కూడా సరిగ్గా రాలేదు, తర్వాత భూతద్దం కొనుక్కున్నా.

ప్రశ్న: అక్కా, మా గోబీ ఆకుల మీద బూడిద చల్లినట్టు ఉంది, దగ్గరికెళ్ళి చూస్తే కదుల్తోంది! చీమలు కూడా బారులు కట్టి ఎక్కుతున్నాయి. చీమల మందు వేయాలా? పువ్వు ఇప్పుడే నిమ్మకాయంత వచ్చింది.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: చీమల్ది దొంగతనం కాదమ్మా, పశువుల కాపరితనం. ఆ బూడిద అంతా పేనుబంక. చల్లటి రోజులు, మబ్బు పట్టిన రోజులు వస్తే చాలు దీనికి పండగ. మొగపురుగుతో పని లేకుండానే పిల్లల్ని కనేస్తుంది, గుడ్లు కూడా కాదు, డైరెక్టుగా పిల్లలే, అందుకే సోమవారం నాలుగు కనిపిస్తే ఆదివారానికి ఆకు కనపడదు. రసం పీల్చి తియ్యటి బంక వదుల్తుంది, ఆ బంక కోసం చీమలు వస్తాయి, వచ్చి ఊరికే తినిపోవు, పేనుబంకని తినే పురుగుల్ని తరిమేస్తూ కాపలా కాస్తాయి. కాబట్టి చీమల దారి కట్ చేస్తే సగం పని అయినట్టే, కుండీని ఇటుకల మీద పెట్టి ఆ ఇటుకల్ని నీళ్ళ పళ్ళెంలో పెట్టండి, మనం పూర్వం పంచదార డబ్బా పెట్టుకునేవాళ్ళం కదా, అలాగే.

ఇక పేనుబంకకి మొదటి మందు నీళ్ళే. ఒక చెయ్యి ఆకు కింద ఆనించి పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి గట్టిగా కొట్టండి, రాలినవి చాలావరకు మళ్ళీ ఎక్కలేవు. రెండు రోజులకోసారి మూడుసార్లు చేస్తే చాలామందికి ఇంకేం అక్కర్లేదు. అప్పటికీ ఉంటే కుంకుడు రసం పల్చగా చేసి సాయంత్రం కొట్టండి, ఒంటికి తగిలితేనే చస్తాయి కాబట్టి పూర్తిగా తడవాలి. బట్టల సర్ఫ్ మాత్రం వద్దు, ఆకు అంచులు మాడిపోతాయి, నాకు అనుభవమే. కుంకుడైనా ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాడు చూసి అప్పుడు మిగతా వాటికి. పొయ్యి బూడిద చల్లమంటారు పెద్దవాళ్ళు, పొడిగా ఉన్నన్నాళ్ళు పనిచేస్తుంది, నీళ్ళు పడగానే పోతుంది, మళ్ళీ చల్లాలి. బీటీ మాత్రం దీని మీద దండగ, అది ఆకు నమిలే లద్దె పురుగులకే, ఇది నమలదు పీల్చుతుంది.

అన్నిటికంటే ముందు ఆ ఆకు మీద ఇంకెవరున్నారో చూడండి. నల్లగా, ఒంటి మీద నారింజరంగు మచ్చలతో బుల్లి మొసలిలా పాకేది కనిపిస్తే దాన్ని చూసి చాలామంది చెప్పుతో కొట్టేస్తారు, అయ్యో, అది అక్షింతల పురుగు పిల్లమ్మా! ఎర్రగా ముద్దుగా ఉన్న తల్లిని అందరూ గుర్తుపడతారు గాని పిల్లని చూస్తే జడుసుకుంటారు, తిండిలో మాత్రం పిల్ల తల్లికి తీసిపోదు. గోధుమరంగులో ఉబ్బి బిగుసుకుపోయిన పేనుబంక కనిపిస్తే అందులో కూడా చిన్న కందిరీగ పిల్ల ఉన్నట్టు, వాటినీ వదిలేయండి. ఇలాంటివి ఆకుకి నాలుగైదు కనిపిస్తే నేనైతే వారం రోజులు సబ్బు కూడా కొట్టను. పక్కన కొత్తిమీర ముదిరి పువ్వు వస్తే పీకేయకండి, ఆ పువ్వు తేనె కోసం ఈ మంచి పురుగులన్నీ వస్తాయి.

మీ పువ్వు నిమ్మకాయంతే అన్నారు కాబట్టి టైమ్ ఉంది, ఇప్పుడే శుభ్రం చేసుకోండి. పువ్వు సందుల్లోకి దూరాక ఏ స్ప్రే చేరదు, అలా అయితే ఉన్నంతలో కోసేసుకోవడమే. యూరియా ఏమైనా వేస్తున్నారా? వేస్తుంటే ఆపండి, మరీ లేతగా నవనవలాడే ఆకంటే దానికి ప్రాణం.

ప్రశ్న: ఒకే క్యాబేజీ మొక్కకి నాలుగు చిన్న చిన్న గడ్డలు వచ్చాయి. హైబ్రిడ్ విత్తనం అన్నారు, ఇది దాని గొప్పేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గొప్ప కాదండి, తల పోయింది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే తల తొలిచే పురుగు మధ్య మొవ్వులోకి దూరి, అక్కడ దారాలతో గూడు కట్టుకుని, చిగురు మొత్తం తినేసింది. నడితల పోయాక మొక్క పక్కనుంచి పిలకలు వేసి తలా ఒక చిన్న గడ్డ పెట్టింది. తినొచ్చు, ఏం కాదు, కానీ ఒక్కోటి బంతికన్నా పెద్దదవ్వదు. కాలీఫ్లవర్‌లో ఇలా జరిగితే ఆ చిన్న పువ్వులు కూడా అనుమానమే.

ఇది కనిపెట్టాల్సింది నారుమడిలోనూ, నాటిన మొదటి మూడు నాలుగు వారాల్లోనూ. మొవ్వులో సన్నటి సాలెగూడు లాంటిది, దాంట్లో తడిగా పురుగు పెంట కనిపిస్తే పిన్నీసుతో నెమ్మదిగా తీసేయండి, ఒంటి మీద చారలున్న చిన్న పురుగు దొరుకుతుంది. అప్పటికే చిగురు పోయి ఉంటే పిలకల్లో బలమైనది ఒకటి ఉంచి మిగతావి గిల్లేయండి, ఒక మాదిరి గడ్డ వస్తుంది. వచ్చే ఏడు నారు పోసినరోజే పైన నెట్ కట్టండి, అంతకుమించిన మందు దీనికి లేదు.

ప్రశ్న: క్యాబేజీ మధ్యలో ఆవాలు చల్లితే పురుగులు ఆవ మీదకి పోతాయని విని, పోపుల డబ్బాలో ఆవాలే చల్లాను. ఆవ మీదకి పోయాయి నిజమే, అక్కడ పెరిగి ఇప్పుడు క్యాబేజీ మీదకి వచ్చాయి! మాది ఇంటి వెనక 5 సెంట్ల పెరడు.
– ఒక పాఠకుడు, జహీరాబాద్

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నానండి, తప్పుగా అనుకోకండి. మీరు ఆవకి అతిథుల్ని పిలిచారు, భోజనం పెట్టారు, తలుపులు వేయడం మర్చిపోయారు.

ఇది బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పిన పద్ధతే, కిట్టింపు కాదు. క్యాబేజీ, గోబీ, ముల్లంగి, ఆవ, నూల్‌కోల్ అన్నీ ఒకే కుటుంబం, వీటన్నిట్లో ఆవ ఘాటు ఉంటుంది. మామూలు పురుగుల్ని దూరం పెట్టడానికి మొక్క పెట్టుకున్న ఘాటు అది, డైమండ్ పురుగుకి మాత్రం అదే విలాసం చెప్పే బోర్డు. అందులోనూ క్యాబేజీ కన్నా ఆవ అంటే ఎక్కువ ఇష్టం, వెళ్ళి గుడ్లు అక్కడ పెడుతుంది. వాళ్ళ లెక్క ఏంటంటే 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవ, ఒక వరస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు చల్లాలి, రెండోది నాటిన 25 రోజులకి, ఎందుకంటే మొదటి ఆవ ముదిరిపోయేసరికి రెండోది లేతగా సిద్ధంగా ఉండాలి. మీరు అన్నీ ఒక్కరోజే చల్లారు, క్యాబేజీ నారు పెట్టిన రోజే. అదొక పొరపాటు. రెండోది పెద్దది, ఆవ మీద చేరిన పురుగుల్ని అక్కడే చంపాలి, వారానికోసారి వేపగింజల కషాయమో బీటీనో, లేకపోతే పురుగు పట్టిన మొక్కల్ని పీకి సంచిలో మూటకట్టి ఎండలో పడేయాలి. అది చేయకపోతే ఆవ ఎర కాదు, పురుగుల ఫ్యాక్టరీ.

పోపుల డబ్బా ఆవాలతో తప్పేం లేదు, మొలిచాయి కదా. 5 సెంట్లలో ఈ పద్ధతి పనికొస్తుంది, డాబా మీద పది కుండీలు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం నేను చెప్పను, మూడడుగుల దూరంలో ఎర పెట్టి లాభం ఏముంది, అదే ఓపిక నెట్ మీద పెట్టండి. బంతి కూడా వేయమని అందరూ చెప్తుంటారు, అది టమాటాలో కాయ తొలిచే పురుగుకి వేసే ఎర, క్యాబేజీ దగ్గర వేస్తే తప్పు లేదు, పూలు పూస్తాయి, దేవుడికి పనికొస్తాయి, డైమండ్ పురుగు మాత్రం దాని మొహం చూడదు.

ఇంకా అడిగారు, వచ్చేసారి అదే మడిలో ముల్లంగి వేయనా అని. వద్దు, ఇప్పుడే చెప్పా కదా ఒకే కుటుంబమని. చిక్కుడో వంగో వేసుకోండి.

ప్రశ్న: పగలు ఒక్క పురుగు కనపడదు, తెల్లారేసరికి ఆకు జల్లెడ! ఎలకలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: గుంటూరు వాళ్ళు ఈ ప్రశ్న అడగడం విచిత్రమే, మీ జిల్లా రైతుల్ని అడిగితే కళ్ళు మూసుకుని చెప్తారు, పొగాకు లద్దె పురుగు. పొగాకు అని పేరే గాని మిరప, పత్తి, వేరుశనగ, క్యాబేజీ, దేన్నీ వదలదు. పగలు మట్టిలోనూ కింద ఆకుల చాటునా దాక్కుంటుంది, రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసుకుని వెళ్ళండి, దర్శనమవుతుంది. ముదిరినవి రెండంగుళాలకి దగ్గరగా ఉంటాయి, చేత్తో ముట్టుకోలేకపోతే పట్టకారుతో తీసి సబ్బునీళ్ళ డబ్బాలో వేయండి. కుండీ అంచు కింద, మొక్క మొదట్లో ఒక అంగుళం మట్టి కెలికినా కొన్ని దొరుకుతాయి.

అసలు తెలివైన పని గుడ్ల దగ్గరే పట్టుకోవడం. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన చిన్న దూదిపింజ అంటించినట్టు ఉంటుంది, అందులో వందల్లో గుడ్లుంటాయి. పొదిగాక రెండు మూడు రోజులు పిల్లలన్నీ ఒకే ఆకు మీద గుంపుగా ఉండి ఆ ఆకుని జల్లెడ చేస్తాయి, మొక్క మొత్తంలో ఒక్క ఆకే తెల్లగా జల్లెడలా కనిపిస్తే వెంటనే ఆ ఆకు తుంచేయండి, మొత్తం సంసారం ఒకేసారి పోతుంది. ఆ రెండు రోజులు దాటితే ఊరంతా చెదిరిపోతాయి, అప్పుడే మీకు రాత్రి డ్యూటీ.

పెరటి మూల రెండు ఆముదం మొక్కలుంటే మంచిది, ఆ వెడల్పాటి ఆకుల మీద గుడ్లు పెట్టడం దీనికి ఇష్టం, మీరు వెతుక్కోవడం తేలిక. మళ్ళీ చెప్తున్నా, వెతికి తీసేస్తేనే. నాలుగు కర్రలు టీ ఆకారంలో పాతి పెడితే గోరింకలు వచ్చి వాలతాయి, మా ఇంట్లో సగం పని అవే చేస్తాయి, మిగతా సగం కొత్తిమీర నారు పీకడం కూడా అవే చేస్తాయి, ఏం చేస్తాం.

మొక్క మొదట్లో కత్తిరించి పక్కన పడేసినట్టు ఉంటే మాత్రం అది వేరే పురుగు, నారు నాటేటప్పుడే అడుగు తీసేసిన పేపర్ కప్పు ఒకటి మొదలు చుట్టూ అంగుళం లోతు దిగేలా తొడిగేస్తే చాలు.

ప్రశ్న: ఎరువుల షాపులో అడిగితే లేబుల్ సగం చినిగిన సీసా ఇచ్చి, క్యాబేజీకి తిరుగులేదు, లీటరుకి రెండు మూతలు అన్నాడు. వాసన భరించలేకున్నాం. మోనో అని మాత్రం చదవగలిగాను. వాడొచ్చా? ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాడొద్దు. ఈ ఒక్క జవాబు మాత్రం సాగదీయను. ఆ మోనో మోనోక్రోటోఫాస్ అయితే కూరగాయల మీద అది వాడకూడదని కేంద్రం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఇరవై ఏళ్ళయినా ఎవరో ఒకరు ఇంకా చేతిలో పెడుతూనే ఉన్నారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. సీసా కవర్లో చుట్టి పాపకి అందని చోట తాళం వేసి పెట్టి, మండల వ్యవసాయ అధికారికి చూపించి ఏం చేయాలో అడగండి. సింకులో పోయకండి, సీసా కడిగి ఇంకోదానికి వాడకండి. అనుకోకుండా ఒకసారి కొట్టేసి ఉంటే ఆ క్యాబేజీ తినకండి, పోతే పోయింది.

ఇకముందు ఏ డబ్బా కొన్నా దాని మీద ఏటవాలుగా ఒక చతురస్రం ఉంటుంది, దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఇంట్లో కూరకి ఎరుపు, పసుపు డబ్బా గుమ్మం దాటనివ్వకండి, ఇది నా రూలు. ఆకుపచ్చ అయినా కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో దాని మీద రాసి ఉంటుంది, అది రాయని డబ్బా, లేబుల్ లేని డబ్బా ఊరికే ఇచ్చినా వద్దు.

ఇదే ఊపులో పొగాకు కషాయం గురించి కూడా చెప్పేస్తా, ముగ్గురు అడిగారు. ఇంట్లో కాచాం కాబట్టి సేఫ్ అనుకుంటారు, అందులో నికోటిన్ ఉంటుంది, అది విషమే, కాచేటప్పుడు ఆవిరి, కొట్టేటప్పుడు చేతికి తడి, రెండూ మంచివి కావు. ఆకు తినే కూర మీద నేను కొట్టను, మీకూ చెప్పను. పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం కొట్టుకోండి, పురుగు చావదు గాని కొన్నాళ్ళు దూరం జరుగుతుంది, కళ్ళు మాత్రం జాగ్రత్త.

ప్రశ్న: ఆంటీ, మేము న్యూజెర్సీలో ఉంటాం. బ్యాక్‌యార్డ్‌లో గోంగూర, సొరకాయ బాగానే వస్తాయి, బ్రోకలీ, క్యాబేజీ పెడితే తెల్ల సీతాకోకచిలుకలు వచ్చి వారంలో ఈనెలు మిగుల్చుతున్నాయి. పిల్లలేమో వాటిని చంపొద్దంటారు. ఈ ఏప్రిల్‌కి ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పిల్లలు బంగారాలు, వాళ్ళ మాటే నెగ్గేలా చేద్దాం. ఆ తెల్ల సీతాకోకచిలుక మీ అమెరికాది కాదు, యూరప్ నుంచి 1860 ప్రాంతంలో కెనడాలోని క్విబెక్‌లో దిగి అక్కడినుంచి దేశమంతా పాకింది. మీలాగే వలస వచ్చినదే, కాకపోతే వీసా లేకుండా. ఒక్కో ఆకు మీద ఒక్కో గుడ్డు నిలబెట్టి పెడుతుంది, పసుపుపచ్చగా చిన్న బుల్లెట్ లాగా. పురుగు మఖమల్ గుడ్డలా పచ్చగా ఉండి ఆకు ఈనెకి ఆనుకుని పడుకుంటుంది, మనిషి కంటికి చటుక్కున దొరకదు, ముదురు పచ్చ పెంట ముద్దలు కనిపిస్తే వాటికి పైనున్న ఆకులో వెతకండి.

చంపకుండా ఉండాలంటే అసలు దిగనివ్వకూడదు. నారు నాటిన రోజే, సాయంత్రం కాదు ఆ గంటలోనే, పైన కమానులు పెట్టి కీటకాల నెట్ కప్పేయండి, మీ దగ్గర రో కవర్ అని తెల్లటి పల్చటి గుడ్డ కూడా దొరుకుతుంది. అంచులు మట్టితో కప్పాలి, ఒక్క సందు ఉన్నా దూరుతుంది, దూరినదానికి లోపల శత్రువులు లేరు కాబట్టి మరీ హాయి. ఆకులు నెట్‌కి తగలకూడదు, తగిలితే బయట కూర్చునే సందుల్లోంచి గుడ్డు పెట్టేస్తుంది. క్యాబేజీ, బ్రోకలీ పూత విచ్చకముందే కోస్తాం కాబట్టి తేనెటీగలతో పని లేదు, కోసేదాకా నెట్ తీయక్కర్లేదు, అదే సొరపాదుకి కప్పారంటే పిందె నిలవదు, అది గుర్తుపెట్టుకోండి. ఇంకో సలహా, ఏప్రిల్ పంట కన్నా ఆగస్టులో నాటి చలి మొదలయ్యాక కోసే పంట మీకు నయం, చలి ముదిరేసరికి సీతాకోకచిలుకలు కనుమరుగవుతాయి, పైగా మంచు తగిలిన ఆకు తియ్యగా ఉంటుంది.

ఇక్కడివాళ్ళకి కూడా ఇదే నెట్ మాట చెప్పాలి. 40 మెష్ కీటకాల నెట్ నర్సరీ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, అది లేకపోతే పాత దోమతెర. మావారు పాత కేబుల్ వైరు ముక్కలు వంచి కుండీలకి గుచ్చి పెళ్ళినాటి దోమతెర కప్పారు, నాలుగేళ్ళుగా అదే. లద్దె పురుగుల తల్లులేవీ దూరవు, పేనుబంక మాత్రం దోమతెర సందుల్లోంచి దూరిపోతుంది, కాబట్టి వారానికోసారి ఎత్తి చూడాలి. నాటిన పది రోజులకి కప్పితే మాత్రం లోపల పురుగులకి పెళ్ళిపందిరి వేసినట్టే.

ప్రశ్న: ఇంట్లో పండిన మొదటి కాలీఫ్లవర్ కోసి వంటింట్లో పెడితే రెండు పచ్చ పురుగులు బయటికొచ్చాయి. మా అత్తగారు ఇంక ఈ గోబీ ఇంటికి తేవద్దన్నారు. బజారు పువ్వులో ఒక్కటీ ఉండదట.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: బజారు పువ్వులో ఎందుకు ఉండవో పైన హైదరాబాద్ ఆయన ఉత్తరం అత్తగారికి చదివి వినిపించండి. అందరూ అలా చేస్తారని కాదు, నిష్ఠగా పండించేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, కానీ రెండు పురుగులు కనిపించాయంటే ఆ పువ్వు మీద గట్టి విషం పడలేదని మనకి తెలిసిన సంగతి.

కోశాక పువ్వుని రెమ్మలుగా విడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి తలకిందులుగా ముంచి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి, ఉన్నవన్నీ తేలిపోతాయి. ఈ పని వంటింట్లో కాకుండా పెరట్లో కుళాయి దగ్గరే చేసుకుని, కడిగిన రెమ్మలు గిన్నెలో పెట్టుకుని లోపలికి వెళ్ళండి, అత్తగారి కంట పడదు. వచ్చే పువ్వు కోడిగుడ్డంత అయ్యాక ఆకులు పైకి మడిచి దారంతో కట్టమంటారు కదా, తెల్లగా ఉండటానికి, అలా కట్టేముందు లోపల బాగా చూసి కట్టండి, లేకపోతే పురుగుకి మీరే గది కట్టి ఇచ్చినట్టు. ఆ ఉప్పునీళ్ళు మాత్రం మొక్కలకి పోయకండి.